చూసిందంతా కుట్టక్కర్లేదు

విశాఖపట్నం నుంచి అరకు రైలెక్కి వెళ్ళొచ్చినవాళ్ళ ఫోనులో ఏ బొమ్మలుంటాయో చూడకుండానే చెప్పొచ్చు. సొరంగం నోరు, లోయ, బొర్రా గుహల్లో రంగు దీపాలు, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు, కొండవాలు మీద పరుచుకున్న పసుపుపచ్చని వలిసె పూలు, థింసా ఆడుతున్న ఆడవాళ్ళు. కుట్టు తెలిసినవాళ్ళకు ఇల్లు చేరగానే ఒక ఆశ పుడుతుంది. ఇదంతా ఒక ఆర్ట్ క్విల్టుగా కుట్టి హాల్లో గోడకు వేలాడదీస్తే ఎంత బాగుంటుందో కదా అని. నెలల తరబడి కూర్చుని కుడతారు. కొండ వస్తుంది, రైలు వస్తుంది, పూలొస్తాయి, ఆడవాళ్ళూ వస్తారు. తీరా గోడకెక్కించి చూస్తే అది గుడ్డతో చేసిన క్యాలెండర్ బొమ్మ.

కుట్టు బాగానే ఉంటుంది. తప్పంతా ఎంపికలో ఉంటుంది. కెమెరా చిటికెలో చేసే పనిని గుడ్డ నెత్తిన పెడితే గుడ్డ ఓడిపోతుంది. గుడ్డకున్న బలాలు వేరు. దానికి నేత ఉంది, మందం ఉంది, వాడగా వాడగా వెలిసిన రంగు ఉంది. కుట్టు పడ్డచోట అది పల్లమవుతుంది, పడనిచోట ఉబ్బుతుంది. ప్రకృతి మీదో, ప్రయాణాల మీదో, పల్లె బతుకు మీదో వచ్చిన మంచి క్విల్టుల్లో కనిపించే తెలివి ఇదే: చూసిన పదింటిలో తొమ్మిది వదిలేసి, గుడ్డ మాత్రమే చెప్పగల పదోదాన్ని పట్టుకోవడం. ఆ పదోదాన్ని ఎక్కడ వెతకాలి, దొరికాక ఎలా కుట్టాలి అన్నదే ఈ అధ్యాయం.

బొంత తెలియని తెలుగిల్లు అరుదు. పాత నూలుచీరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, వరసగా దారం వేసుకుంటూ పోతే పసిపిల్లల కిందకు మెత్తటి పక్క తయారు. క్విల్టు కూడా అంతే. పైగుడ్డ, నడుమ దూదిలాంటి పొర, అడుగుగుడ్డ, ఈ మూడింటినీ పట్టి ఉంచే కుట్టు. అది మంచం దిగి గోడకెక్కితే ఆర్ట్ క్విల్టు. ఎక్కడానికి మాత్రం చాలాకాలమే పట్టింది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన పాత అమెరికన్ క్విల్టులను పెయింటింగుల్లా గోడలకు వేలాడదీశారు. మంచం మీద ఉన్నంతకాలం వాటిని పట్టించుకోని కళావిమర్శకులు గోడ మీద చూసేసరికి తలెత్తి చూశారు. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో ‘క్విల్ట్ నేషనల్’ ప్రదర్శన మొదలైంది. అప్పటినుంచి అది రెండేళ్ళకోసారి జరుగుతోంది. దాని వేదిక 1914లో కట్టిన ఒక పాడిపశువుల కొట్టం. పల్లె మీద క్విల్టు కుట్టాలనుకునేవారికి ఇంతకన్నా నప్పే చిరునామా ఇంకేముంటుంది!

ముందు గుడ్డ, తర్వాతే బొమ్మ

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, అలబామా నది మూడువైపులా చుట్టుకుని పారేచోట జీస్ బెండ్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి పత్తి తోటలో బానిసలుగా బతికిన నల్లజాతివాళ్ళ వారసులే ఊరి జనం. తోట యజమాని ఇంటిపేరైన పెట్‌వే ఇప్పటికీ చాలామందికి ఇంటిపేరు. 1942లో మిజూరీ పెట్‌వే అనే ఆమె భర్త చనిపోయాడు. ఆయన పొలానికి వేసుకెళ్ళిన ప్యాంట్లూ చొక్కాలూ విప్పదీసి ఆమె బొంత కుట్టుకుంది. ఆయన గుర్తుగా ఆ గుడ్డల కిందే పడుకోవాలని అమ్మ అనుకుందని కూతురు ఆర్లోంజియా తర్వాత చెప్పింది.

ఆ బొంతలో చేను లేదు, నాగలి లేదు, మనిషి బొమ్మ లేదు. వెలిసిన నీలం పట్టీలు, బూడిదరంగు పట్టీలు, అక్కడక్కడా మరకలు, అరుగుదల. ఇంకేమీ లేదు. అయినా ఒక రైతు ఎండలో ఎంత పనిచేశాడో చెప్పడానికి అంతకు మించిన చిత్రం అక్కర్లేదు. జీస్ బెండ్ బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శనకెక్కాయి, అక్కణ్ణుంచి విట్నీకి వెళ్ళాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు విడుదల చేసింది. ఆ ఊరి ఆడవాళ్ళెవరూ ఆర్ట్ స్కూలుకు వెళ్ళినవాళ్ళు కారు. చేతికి ఏ గుడ్డ దొరికితే దానితోనే ఆలోచించారు. 1972లో సియర్స్ కంపెనీ కోసం అక్కడి సహకార సంఘం కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టింది. మిగిలిన ముక్కలు ఇళ్ళకు చేరి, ముదురు ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు కార్డురాయ్ బొంతల తరమే ఒకటి వచ్చింది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు పెన్సిలు పట్టుకునే ముందు బీరువా తెరవడం మంచిది. ఊరి మీద కుట్టాలా? ఆ ఊళ్ళో జనం ఒంటి మీద ఏముంటుందో ముందు చూడాలి. గళ్ళ లుంగీ, నీరుకావి పట్టిన పంచె, చెమట తుడిచి తుడిచి పల్చబడ్డ తువ్వాలు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీర. లుంగీ గళ్ళను కాస్త ఏటవాలుగా కోసి పరిస్తే, మిద్దె మీంచి చూసిన వరిమళ్ళూ గట్లూ అవే. వాటిని గీయాల్సిన పని లేదు.

చేనేత విషయంలో తెలుగువాళ్ళకు పుట్టుకతో వచ్చిన ఆస్తి ఉంది. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికి ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు. నేతలో పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి కాబట్టి రంగు అంచులు కత్తిరించినట్టు ఉండవు, చెదిరినట్టుంటాయి. చెరువు నీళ్ళలో చెట్టు నీడ ఎలా కదులుతుందో అచ్చం అలా. నీటిని కుట్టడానికి తంటాలుపడేవాళ్ళు ఇక్కత్ ముక్కనొకదాన్ని అడ్డంగా పెట్టి చూస్తే సగం పని అయిపోతుంది. పెడన కలంకారీలో చెక్క అచ్చులతో వేసిన తీగలు, ఆకులు తోటను దగ్గరగా చూపడానికి పనికొస్తాయి. మంగళగిరి నూలు సాదాగా, గట్టిగా ఉంటుంది కాబట్టి ఆకాశానికీ దూరపు నేలకూ సరిపోతుంది. మంచు కావాలంటే కట్టుకట్టే గాజుగుడ్డ ఒక పొర చాలు.

పట్టుచీరల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. అమ్మ పెళ్ళిచీరను అమెరికాకో ఆస్ట్రేలియాకో తీసుకెళ్ళి, బీరువాలో ఊరికే ఉందని క్విల్టు కుట్టాలనుకునే కూతుళ్ళు ఎక్కువవుతున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే పాతపట్టు మడతల వెంట చిట్లుతుంది. ముక్క కోసే ముందే వెనకవైపు ఇస్త్రీ వేడికి అతుక్కునే పల్చటి ఫ్యూజింగ్ గుడ్డ అతికించుకోవాలి, ఇస్త్రీపెట్టె వేడి తగ్గించుకోవాలి. జరీ మీద కత్తెర పదును తొందరగా పోతుంది. ఒక పాత కత్తెరను దానికే కేటాయించుకోవడం మేలు.

దూరం, వెలుగు, నీడ

అడవి మీద కుట్టిన క్విల్టు తేలిపోయిందంటే సాధారణంగా అందులో వెలుగునీడల తేడా లేదని అర్థం. పదిరకాల ఆకుపచ్చలు కొని తెస్తారు. అన్నీ ఒకే ముదురు. పక్కపక్కన కుట్టేసరికి అడవి ఒక పచ్చటి మరకై కూర్చుంటుంది. దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ముక్కలన్నీ నేలమీద పరిచి, ఫోనులో నలుపు-తెలుపు ఫొటో తీయడం. రంగులుగా వేరువేరుగా కనిపించిన రెండు ముక్కలు ఆ ఫొటోలో కలిసిపోతే, వాటిలో ఒకటి మారాల్సిందే.

దూరానికి కూడా ఒక లెక్కుంది. గాలి నీలికాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి తూర్పుకనుమల్లో వరస వెనక వరసగా కనిపించే కొండలు వెనక్కి పోయేకొద్దీ నీలంగా, లేతగా కనిపిస్తాయి. దగ్గరి కొండకు ముదురు రంగు, పెద్ద ప్రింటు. దూరపు కొండకు లేతరంగు, చిన్న ప్రింటు లేదా సాదా. చాలామందికి తట్టని చిట్కా ఒకటుంది. అచ్చుగుడ్డకు తిరగవైపు ఉంటుంది. అదే ప్రింటు తిరగేస్తే మసగ్గా, లేతగా కనిపిస్తుంది. దగ్గరి చెట్టుకు మంచివైపు, దూరపు చెట్టుకు తిరగవైపు వాడితే ఒకే గుడ్డతో రెండు దూరాలు వస్తాయి.

ఈ దారిలో నడిచినవాళ్ళలో ఇద్దరి పనిని పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగం. మసాచుసెట్స్‌కు చెందిన రూత్ మెక్‌డోవెల్ పూలను, చెట్లను, ఆవులను కుట్టింది. ముందు గీతల బొమ్మ వేసుకుని, దాన్ని ఎక్కువగా తిన్నటి గీతలుగా విడగొట్టి, ముక్కకు ముక్క మిషను మీద జోడిస్తుంది. ఏ ముక్కా పైన అతికించింది కాదు, అన్నీ అతుకులే. తిన్నటి గీతలకు లొంగనిది ఏదైనా పోవాల్సిందే కాబట్టి అనవసరమైనదంతా దానంతటదే రాలిపోతుంది. ఆమె వాడే ప్రింట్లు కూడా ఊహకందనివి. ఆవు ఒంటి మీద ఆవుకు సంబంధంలేని ప్రింటు ఉండొచ్చు, వెలుగునీడ సరిపోతే చాలు.

జపాన్ కళాకారిణి నొరికో ఎండోది పూర్తిగా వేరే పద్ధతి. గుడ్డలను చిన్నచిన్న తునకలుగా తరిగి, దూదిపొర మీద చల్లుతుంది. పైన పల్చటి నెట్ గుడ్డ కప్పి, తునకలు కదలకుండా మిషనుతో దట్టంగా కుట్టేస్తుంది. ఆకుల మధ్య నుంచి రాలే ఎండ ఆమె క్విల్టుల్లో కనిపించినంత బాగా మరోచోట అరుదుగా కనిపిస్తుంది. ఒక్క ఆకు కూడా ఆకు ఆకారంలో కోసింది కాదు. మన దగ్గర టైలరు షాపుల్లో రోజూ ఊడ్చి పారేసే కత్తిరింపులు గుర్తొస్తే ఈ పద్ధతికి పెట్టుబడి ఎంతో అర్థమవుతుంది. కొత్తవాళ్ళు మొదట దీన్నే పట్టుకోవడం నయం. అతుకులు సరిగా కలవలేదన్న దిగులుండదు.

వెళ్ళొచ్చిన ఊరు

ప్రయాణం నుంచి దృశ్యాలే తెచ్చుకోవాలని రాసిపెట్టి లేదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టిన ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1972లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి, రైక్స్ మ్యూజియంలో టిబెట్ థాంకాలు చూసింది. బుద్ధుడి బొమ్మలకు చుట్టూ పట్టుగుడ్డ అంచులు కుట్టి, చుట్టచుట్టి మోసుకుపోయే చిత్రపటాలవి. ఆమె తిరిగొచ్చి బుద్ధుణ్ణీ వేయలేదు, ఆమ్‌స్టర్‌డామ్ కాలువలనూ వేయలేదు. చిత్రానికి చట్రం బదులు గుడ్డ అంచు కుట్టొచ్చన్న ఉపాయాన్ని తెచ్చుకుంది. 1980లో దుస్తుల డిజైనరైన తన తల్లి విల్లీ పోసీతో కలిసి మొదటి క్విల్టు చేసింది. 1988లో వచ్చిన ‘టార్ బీచ్’లో ఉన్నది మళ్ళీ హార్లెమే. ఎండాకాలం రాత్రి డాబా మీద భోజనాలు చేస్తున్న కుటుంబం, వంతెన మీదుగా ఎగిరిపోతున్న పిల్ల. ఆ క్విల్టు ఇప్పుడు గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. దూరదేశం వెళ్ళి ఆమె నేర్చుకున్నది సొంత డాబాను ఎలా చెప్పాలన్నది.

ప్రయాణంలో చేయాల్సిన పని అందుకే చిన్నది. జేబులో పట్టే పుస్తకం, ఒక పెన్సిలు. చోటుకొక పేజీ. పేజీలో ఒకే ఒక గీత: ఆ చోట కంటిని లాగిన గీత. గోదావరి మీద లాంచీలో వెళ్తుంటే పాపికొండలు నీళ్ళను తాకేచోట ఏర్పడే ఏటవాలు గీత కావచ్చు, గండికోట దగ్గర పెన్నా కోసిన గట్టు మెట్లమెట్లుగా దిగే గీత కావచ్చు. పక్కన మూడు రంగుల పేర్లు, ఎవరికీ అర్థంకాని సొంత పేర్లయినా ఫరవాలేదు: తడిసిన ఇటుక, పాతబెల్లం, గోరింట నీళ్ళు. అక్కడి సంతలో దొరికితే ఒక మూర గుడ్డ. ఇంతే. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకోవచ్చుగానీ డిజైను ఆ పేజీ నుంచి మొదలుకావాలి. ఫొటోలో అన్నీ ఉంటాయి, గీసిన పేజీలో కన్ను ఎంచుకున్నదే ఉంటుంది.

పల్లె అంటే ఎడ్లబండేనా?

పల్లె మీద కుట్టే క్విల్టులకు ఒక తెగులుంది. ఎడ్లబండి, గుడిసె, తాటిచెట్టు, నెత్తిన బిందె పెట్టుకున్న అమ్మాయి. ఆ బండి ఇప్పుడు ఏ ఊళ్ళో ఎంత నడుస్తోందని ఎవరూ అడగరు. ట్రాక్టరు, మోటారు షెడ్డు, కళ్ళంలో పరిచిన నీలిరంగు టార్పాలిన్, డాబా మీద సింటెక్స్ ట్యాంకు, తీగ మీద ఆరేసిన స్కూలు యూనిఫాం: వీటిలోనూ కావలసినంత రంగుంది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామం ఆడవాళ్ళు ఈ ధైర్యం ఎప్పుడో చేశారు. అక్కడ సుజని అని పాతచీరల బొంతలు కుట్టే అలవాటుంది. 1980ల చివర్లో ఆ పని మళ్ళీ ఊపందుకున్నప్పుడు చేపలు, నెమళ్ళతో ఆగకుండా వరకట్నం, ఆడపిల్ల చదువు, తాగొచ్చి కొట్టే మొగుడు కూడా బొంతల మీదకు వచ్చాయి. బొమ్మల చుట్టూ ఖాళీనంతా సన్నటి దారంతో నింపేస్తారు. దూరం నుంచి ముచ్చటగా ఉంటుంది, దగ్గరికెళ్ళాక గానీ కథ తెలియదు.

మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వందల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంత పేరు కవంది. దాన్ని కుట్టే తీరు ఆర్ట్ క్విల్టు నేర్చుకునేవారందరూ ఒకసారైనా చేసి చూడాల్సింది. కాగితం మీద డిజైను ఉండదు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి అంచు వెంట పోతూ, గుడ్డముక్క అంచు మడిచి పెడుతూ, చేతికుట్టుతో అన్ని పొరలూ కలిపి కుడతారు. చుట్టూ తిరిగి తిరిగి నడిమధ్యకు చేరతారు. ముక్క అతకడం, పొరలు కలపడం ఒకేసారి జరిగిపోతాయి. చివర నాలుగు మూలలకూ మడతపెట్టిన చిన్న ముక్కలు గుచ్చుతారు. వాటిని ఫూల్ అంటారు. అవి లేని కవంది వాళ్ళ లెక్కలో బట్టకట్టని బొంత. ప్రొఫెసర్ హెన్రీ డ్రూయల్ ఈ పని మీద అధ్యయనం చేసి, 2004లో సిద్దీ ఆడవాళ్ళ సహకార సంఘం ఏర్పడటానికి తోడ్పడ్డాడు. ప్రతిదీ ముందే గీసుకుంటేగానీ చెయ్యి కదలనివాళ్ళకు కవంది పద్ధతి మంచి మందు. పక్కన పెట్టిన ముక్కను బట్టి తర్వాతి ముక్క, అంతవరకే ఆలోచన.

ఇక్కడొక మాట. తెలంగాణలో, రాయలసీమలో లంబాడీల కుట్టుపని చూసి ముచ్చటపడి, అద్దాలూ గవ్వలూ ఆ కుట్లూ ఎత్తుకొచ్చి తమ క్విల్టులో పెట్టుకునేవాళ్ళున్నారు. ఆ కుట్టు ఆ ఆడవాళ్ళ బతుకుతెరువు కూడా. తండాలో కుట్టిన ముక్కను సరైన వెల ఇచ్చి కొని, ఎవరు కుట్టారో వెనక రాసి, అలాగే వాడితే గౌరవంగా ఉంటుంది. కాపీ కొట్టినదానికి సాధారణంగా ఆ జీవం రాదు కూడా.

పన్నెండు అంగుళాలు చాలు

మొదటి క్విల్టు గోడంత ఉండనక్కర్లేదు. 1989లో అమెరికాలో ఇవాన్ పోర్సెల్లా మొదలుపెట్టిన స్టూడియో ఆర్ట్ క్విల్ట్ అసోసియేట్స్ సంఘం నిధుల కోసం ఏటా జరిపే వేలానికి సభ్యులు 12 అంగుళాల చదరపు క్విల్టులే పంపుతారు. పేరున్న కళాకారులకే ఆ కొలత చాలినప్పుడు కొత్తవాళ్ళకు చాలదా!

గుడ్డలన్నీ ముందుగా ఉతికి ఆరేయాలి. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, ఆ పని కుట్టాక జరిగితే క్విల్టు ముడతలుపడుతుంది. ఎరుపు, నీలం, నలుపు గుడ్డలను తెల్లటి తడిగుడ్డతో రుద్ది చూడాలి. రంగంటితే మళ్ళీ ఉతకాలి, అప్పటికీ అంటితే పక్కన పడేయాలి. ఒక్క దొంగముక్క తెల్లటి ఆకాశాన్నంతా గులాబీరంగు చేసేయగలదు.

పుస్తకంలోని గీతను పాత క్యాలెండర్ వెనక అసలు కొలతకు పెంచి గీసుకోవాలి. 12 అంగుళాలు కావాలంటే 14 అంగుళాలకు గీయాలి. దట్టంగా కుట్టినకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది, చివర అంచులు సరిచేయడానికీ కొంత పోతుంది. ముక్కలు అతుకులుగా జోడిస్తే ఒక్కో ముక్కకు చుట్టూ పావు అంగుళం కుట్టుకు వదలాలి. పావు అంటే పావే. ఒక్కో అతుకులో నూలుపోగంత తేడా వచ్చినా పదో అతుకు దగ్గర అది కంటికి కనిపించే తేడా అవుతుంది. ఇంత లెక్క వద్దనుకుంటే రెండువైపులా అతుక్కునే ఫ్యూజింగ్ తెచ్చి, ముక్కలను పైగుడ్డ మీద ఇస్త్రీతో అతికించి, అంచుల వెంట కుట్టేయొచ్చు. అంచు కాస్త పీచుపీచుగా లేస్తుంది. గడ్డికీ, మబ్బుకూ, గొర్రె ఉన్నికీ అదే అందం.

పొరల్లో నడిమిది ఏదన్నది ఒక చిక్కు. ఏకిన దూదిని నేరుగా పరిస్తే కొన్నాళ్ళకు ఉండకడుతుంది. క్విల్టుల కోసమే అమ్మే వ్యాడింగ్ దొరికితే మేలు, దొరక్కపోతే పల్చటి పాత దుప్పటి. అడుగుగుడ్డనూ నడిమి పొరనూ పైగుడ్డ కంటే అన్నివైపులా రెండంగుళాలు పెద్దగా కోసి, అడుగుగుడ్డను బల్లమీద బిగువుగా పరిచి టేపు వేసి, మిగతా రెండూ దానిపై పరిచి, పిడికిలంత దూరానికొక పిన్నీసు పెట్టాలి. ఈ మెట్టు దగ్గర తొందరపడితే వెనకవైపు మడతలు కుట్టులో ఇరుక్కుంటాయి. విప్పడానికి కుట్టినదానికంటే ఎక్కువసేపు పడుతుంది.

అసలు పని ఇక్కణ్ణుంచే. క్విల్టింగు కుట్టు పొరలను కలపడానికే అనుకుంటే సగం క్విల్టు వదిలేసినట్టు. అది గీతల రెండో బొమ్మ. అదే మట్టిరంగు గుడ్డ మీద దగ్గరదగ్గరగా సమాంతర గీతలు కుడితే దుక్కిదున్నిన చేను, ఏటవాలు తెగిన గీతలు కుడితే వాన పడుతున్న చేను, గుండ్రాలు కుడితే నూర్పిడి జరిగిన కళ్ళం. దట్టంగా కుట్టినచోటు అణిగిపోతుంది, వదిలేసినచోటు పైకి లేస్తుంది. కాబట్టి కొండ ముందుకు రావాలంటే కొండను వదిలేసి ఆకాశాన్ని కుట్టాలి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు, ఇష్టమైన కొండ మీదే దారమంతా పోసి దాన్ని అణగదొక్కేస్తారు.

చేత్తో కుట్టేవారికి పొట్టిసూది, నూలుదారం చాలు. మిషను మీద స్వేచ్ఛగా గీతలు తిప్పాలంటే గుడ్డను ముందుకు తోసే పళ్ళను కిందకు దించి, డార్నింగ్ ఫుట్ బిగించాలి. పళ్ళు దిగని పాత నల్లటి కాలిమిషనైతే, వాటిమీద సూదికి కన్నం పెట్టిన పల్చటి అట్టముక్క టేపుతో అంటించి, కుట్టు పొడవు సున్నాకు తిప్పితే సరిపోతుంది. అప్పుడు సూది ఒకేచోట ఆడుతుంది, చేతులు గుడ్డను జరుపుతాయి. మొదట్లో దారం తెగుతుంది, గీతలు కీచులాడుతాయి. పాత చీరముక్కల మీద కొన్ని సాయంత్రాలు ఊరికే గీతలు తిప్పాక మిషనుకూ చేతులకూ ఒక లయ కుదురుతుంది.

అంచుకు సన్నటి పట్టీ మడిచి కుట్టొచ్చు. చీర అంచునే వాడొచ్చు. బెంగాల్‌లో కాంథా బొంతలు కుట్టేవాళ్ళు ఒకప్పుడు దారం కూడా పాతచీర అంచుల్లోంచే లాక్కునేవాళ్ళు. వెనక పైభాగంలో గొట్టంలా ఒక గుడ్డపట్టీ కుట్టుకోవాలి. కర్ర దూర్చి వేలాడదీయడానికి పెద్ద ప్రదర్శనల్లో అడిగేది నాలుగు అంగుళాల వెడల్పు, చిన్నదానికి రెండంగుళాలు చాలు. ఎండ నేరుగా పడే గోడ వద్దు. పసుపుతో అద్దిన గుడ్డ ఎండకు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది. దింపినప్పుడు మడతపెట్టకుండా, బొమ్మవైపు పైకి ఉండేలా గొట్టానికి చుట్టి, పాత నూలుపంచెలో మూటకట్టి పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరుతుంది.

వెనక కుట్టే చీటీని మాత్రం చాలామంది మరిచిపోతారు. 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ కుట్టిన రెండు బొంతలు మాత్రమే ఇప్పుడు మిగిలాయి. ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియంలో, మరొకటి బోస్టన్ లలితకళల మ్యూజియంలో. రెండోదానిలో 1833లో నవంబరు రాత్రి ఆకాశం నిండా ఉల్కలు రాలిన ఘటన ఉంది, 1780లో పట్టపగలు చీకటి కమ్మిన రోజు ఉంది, 1895లో జంతువులు గడ్డకట్టిన చలి గురువారం ఉంది. మొదటి రెండూ ఆమె పుట్టకముందువి. పెద్దల నోట విన్నవాటిని గుడ్డమీద నక్షత్రాలుగా, మనుషులుగా కోసి అతికించింది. మొదటి బొంతను 1886లో జార్జియాలోని ఏథెన్స్ పత్తి సంతలో చూసిన చిత్రకళ ఉపాధ్యాయురాలు జెన్నీ స్మిత్ కొంటానంటే హారియెట్ అమ్మనంది. కొన్నేళ్ళ తర్వాత ఇల్లు గడవక 5 డాలర్లకు ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఏ బొమ్మ దేనిదో ఒక్కొక్కటీ చెప్పింది. జెన్నీ రాసిపెట్టుకుంది. ఆ రాత ఉండబట్టే ఈ రోజు మ్యూజియంలో నిలబడినవాళ్ళకు ఆ గళ్ళలో ఏముందో తెలుస్తోంది.

అందుచేత తెల్లటి నూలుముక్క మీద, నీళ్ళకు చెదరని ఇంకుతో కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, బొమ్మ ఏ చోటిదో ఒక్క వాక్యం, వాడిన గుడ్డల్లో ఎవరి చీర, ఎవరి లుంగీ ఉన్నాయో రాసి, వెనక కుడివైపు కింది మూలలో నాలుగువైపులా కుట్టేయాలి. ఉతకొచ్చో లేదో కూడా అక్కడే రాయాలి, పట్టు గానీ జరీ గానీ ఉంటే ‘నీళ్ళు తగలనివ్వొద్దు’ అని.